చెరువు గట్లకు పైదేశపు గడ్డి తెప్పించకండి, మన దబ్బగడ్డి ఉంది

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు పట్నం బజారులో మాకు తాళ్ల కొట్టు ఉంది. కొబ్బరి తాళ్లు, నైలాన్ తాళ్లు, గోనె సంచులు, టార్పాలిన్ పట్టాలు, రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే దారాలు మా సరుకు. నాన్న పెట్టిన కొట్టు ఇది. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ఈ మధ్య రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు నుంచి వచ్చే రొయ్యల రైతుల నోట ఒక కొత్త మాట వింటున్నాను. గట్లు కోసుకుపోకుండా ఉండాలంటే అమెరికా గడ్డి నాటుకుంటే చాలట. ఆ విత్తనం ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. ఆ పని చేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

గుంటూరులో కూర్చున్న మనిషికి సముద్రపు గడ్డితో ఏం పని అని మీ పాఠకులు అనుకోవచ్చు. నిజమే, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. అయితే జిల్లా హద్దు మారింది కానీ నీళ్లు పోయే దారి మారలేదు. తెనాలి, పొన్నూరు పొలాల్లో కురిసిన వాన ఇప్పటికీ ఆ కింది డ్రెయిన్లలో పడి సముద్రంలో కలవాలి. డ్రెయిన్ మొగ దగ్గర ఏం మొలిచింది, ఎంత మొలిచింది అన్నది అక్కడి చెరువు రైతు ఒక్కడి వ్యవహారం కాదు.

మొన్నామధ్య ఒక కుర్రాడు ఏరేటర్లకు (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లకు) తాళ్లు కొనడానికి వచ్చి, ఫోన్‌లో ఒక వీడియో నా ముందు పెట్టాడు. "చూడక్కా, అలలు కొడతా ఉన్నా గట్టు ఎట్లా నిలబడిందో. రెండు మూడేళ్లలో మొత్తం అల్లుకుంటదంట" అన్నాడు. అల్లుకున్నాక ఆగుతుందా బాబూ అని అడిగాను. "ఆగక ఏం చేస్తదక్కా, గడ్డే కదా" అని నవ్వి, తాళ్లు బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. మనిషి మంచివాడు, అప్పుల్లో ఉన్నవాడు. గట్టు తెగితే పంట మొత్తం ఒక్క రాత్రిలో ఏట్లో కలిసిపోతుందన్న టెన్షన్ అతనిది. అతణ్ణి తప్పు పట్టలేను. కానీ ఆ గడ్డి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ వీడియోలో ఉన్న గడ్డిని నేను దగ్గరగా చూశాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అట్లాంటిక్ సిటీ చూపిస్తామని కారులో తీసుకెళ్లారు. ఊరు దగ్గర పడుతుంటే రోడ్డుకు రెండు వైపులా ఎంత దూరం చూసినా గడ్డే, మధ్య మధ్యలో ఉప్పునీటి పాయలు. వాళ్లందరూ సముద్రం చూడాలని తొందర పడుతుంటే నేను గడ్డి దగ్గర కారు ఆపించాను. తాళ్ల కొట్టు మనిషికి పీచు కనబడితే కాలు కదలదు.

అక్కడ గడ్డి రెండు రకాలు. నీటి అంచున, రోజూ రెండు పూటలా పోటుకు మునిగే బురదలో, మనిషి ఎత్తు దాకా పెరిగేది ఒకటి. దాని పేరు స్పార్టీనా ఆల్టర్నిఫ్లోరా. కాస్త మెరక మీద, అమావాస్యకు, పౌర్ణమికి వచ్చే పెద్ద పోటు మాత్రమే తాకే చోట, మోకాలి ఎత్తున సన్నగా ఉండేది రెండోది, స్పార్టీనా పేటెన్స్. ఈ రెండోది నిటారుగా నిలబడదు. కళ్లంలో బంతి తొక్కించినప్పుడు పడుకున్న గడ్డిలాగా సుడులు సుడులుగా వాలి ఉంటుంది. ఎత్తు గడ్డి ఆకు మీద వేలు పెట్టి రాస్తే గరగరలాడింది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. వేళ్లు పీల్చిన ఉప్పులో ఎక్కువైన దాన్ని ఆకు మీద ఉన్న గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది ఆ మొక్క. ఊపిరాడని బురదలో వేరు కుళ్లిపోకుండా కాడలోని ఖాళీల గుండా పైనుంచి గాలి కిందికి పంపుతుంది. భూమి లోపల దుంపకాడలు ఒకదాన్ని ఒకటి పెనవేసుకుని పాకుతాయి. అల వచ్చి ఈ కాడల మధ్య వేగం తగ్గి తను మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేసి వెళుతుంది. అలా ఏటికేడు నేల పైకి లేస్తుంది. మా ఖాతాదారు చూసిన వీడియోలో అబద్ధం ఏమీ లేదు.

మెరక మీది సన్న గడ్డి నన్ను ఇంకా ఆకట్టుకుంది. తొలిరోజుల్లో అమెరికా వచ్చిన తెల్లవాళ్లు దున్నకుండా, విత్తకుండా దొరికే మేత అని దాన్నే కోసి పశువులకు వేసుకున్నారు. గుర్రాలు బురదలో దిగబడకుండా వాటి గిట్టలకు వెడల్పాటి చెక్క జోళ్లు తొడిగేవారు. చలికాలంలో నేల గడ్డకట్టాక కుప్పలు బయటికి లాగేవారు. గాజు సామాను పగలకుండా పెట్టెల్లో సర్దడానికి అదే గడ్డి. న్యూజెర్సీ తీరంలో అయితే ఆ గడ్డితో తాళ్లు పేని, ఇనుప పైపులు పోత పోసే ఫౌండ్రీలకు అమ్మేవారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం మా అల్లుడికి అర్థం కాలేదు. ఇప్పటికీ తోటల్లో మొక్కల మొదళ్లకు దాన్ని పరుస్తారు. దాని గింజ మామూలు తోట నేలలో మొలిచి పాకడం అరుదు కాబట్టి కలుపు బెడద పెద్దగా ఉండదు.

ఇదంతా ఆ గడ్డి పుట్టిన చోటి కథ. అక్కడ దాన్ని తినే పురుగు ఉంది, దాంతో పోటీ పడే మొక్క ఉంది, దానికొక హద్దు ఉంది. హద్దు దాటించి తీసుకెళ్లిన చోట ఏం జరిగిందో కూడా రైతులు వినాలి.

చైనా వాళ్లు 1979లో ఈ ఎత్తు రకాన్ని అమెరికా నుంచి తెచ్చుకున్నారు. తీరం కోతను ఆపడానికి, బురద నేలను మెరక చేసుకోవడానికి. అంటే మనవాళ్లు ఇప్పుడు చెబుతున్న కారణమే. అది చెప్పిన పని చేసింది, ఆ తర్వాత ఆగలేదు. వాళ్ల సొంత రెల్లును, తుంగను తోసేసింది. గవ్వలు, పీతలు బతికే ఉత్త బురద మైదానాలు గడ్డిబీడులై, వేల మైళ్లు ఎగిరి వచ్చే వలస పక్షులకు మేత లేకుండా పోయింది. చిన్న చిన్న పాయలు పూడుకుపోయాయి. చివరికి 2022లో, 2025 కల్లా దాన్ని అదుపులోకి తేవాలని దేశం మొత్తానికి ఒక ప్రణాళిక ప్రకటించాల్సి వచ్చింది. షాంఘై పక్కన చోంగ్‌మింగ్ దీవిలో అయితే చుట్టూ కట్ట పోసి, గడ్డి కోసి, నీళ్లు నిలగట్టి, వేళ్లు చచ్చేదాకా ముంచి ఉంచారు. నాటడానికి కూలి ఖర్చు, చంపడానికి కట్టల ఖర్చు.

అమెరికాలోనే తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి తీసుకెళ్లినా ఇదే గోల. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో 1970లలో చిత్తడి నేలలు బాగు చేస్తామని దీన్ని నాటారు. అక్కడ పుట్టిన చిన్న స్పార్టీనాతో ఇది కలిసి సంకరం పుట్టింది. ఆ సంకరం తల్లిదండ్రులిద్దర్నీ మించిపోయింది. 2000 నుంచి ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు పెట్టి తీయిస్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో విల్లాపా అఖాతానికి ఎవరూ కావాలని తీసుకెళ్లలేదు. 19వ శతాబ్దం చివర్లో తూర్పు తీరం నుంచి తినే ఆల్చిప్పల్ని పెంపకానికి పంపినప్పుడు వాటితో పాటు వెళ్లింది. వేల ఎకరాల బురద నేలను ఆక్రమించి ఆ ఆల్చిప్పల రైతులకే ఎసరు పెట్టింది. ఆక్వా రైతులు ఈ ఒక్క ముక్కైనా గుర్తు పెట్టుకోవాలి.

మనకు ఇలాంటివి కొత్త కూడా కాదు. విజయవాడలో బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీద నడిచేవాళ్లకు గుర్రపు డెక్క సంగతి నేను చెప్పక్కర్లేదు. దక్షిణ అమెరికా నుంచి పూలు బాగున్నాయని వచ్చింది, ఏటా మిషన్లు పెట్టి తోడుతున్నాం. సర్కారు తుమ్మ పేరులోనే సర్కారు ఉంది.

ఇప్పుడు స్పార్టీనా ఒక్క చెరువు గట్టున నాటారనుకుందాం. దాని గింజ పోటుతో తేలుతూ పోతుంది. దుంపకాడ ముక్క ఒకటి తెగిపడినా ఒండ్రులో వేరు పట్టుకుంటుంది. మన డ్రెయిన్ల మొగలు ఇప్పటికే ఇసుకతో, ఒండ్రుతో పూడుతున్నాయి. ఒండ్రును పట్టి ఉంచడమే వృత్తిగా పెట్టుకున్న గడ్డి అక్కడ చేరితే, తుఫాను వానకు పైన వరి పొలాల్లో నిలిచిన నీళ్లు దిగేదెలా? రొయ్యల రైతు గట్టు కాపాడుకోబోయి పై ఊళ్ల చేలు ముంచినట్టవుతుంది. పక్షులు, పీతలు నాకెందుకు అనుకునేవాళ్లకైనా ఈ లెక్క అర్థం కావాలి.

సరే, మరి గట్టుకు ఏం చేయాలి? మా నాన్న కొట్లో ఒక మూల ఎప్పుడూ గడ్డి తాళ్ల చుట్టలు ఉండేవి. మడ అడవుల వైపు నుంచి బస్తాల మధ్య వేసుకుని తెచ్చేవారు. దబ్బగడ్డి తాళ్లు. వరి మోపులు కట్టుకోవడానికి రైతులు కొనుక్కునేవారు. ముట్టుకుంటే అరచెయ్యి గీసుకునేంత గరుకు, ముడి వేస్తే మాత్రం జారదు. ఎండినప్పుడు పెళుసుగా ఉంటుందని, కట్టేముందు నీళ్లు చిలకరించి కాసేపు గోనె కింద పెట్టమని నాన్న ప్రతి రైతుకూ చెప్పేవారు. కోత మిషన్లు వచ్చాక మోపు కట్టే పనే పోయింది, ఆ తాళ్లూ పోయాయి. ఆ మూలలో ఇప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ తాళ్లు ఉన్నాయి.

తాళ్లు పోయాయి కానీ గడ్డి పోలేదు. శాస్త్రంలో దాని పేరు మిరియోస్టాకియా వైటియానా. ఈ దేశంలో తూర్పు తీరపు మడ అడవుల్లో, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ వైపు పుట్టి పెరిగే జాతి. కృష్ణా, గోదావరి పాయల గట్ల మీద మనిషి ఎత్తు దుబ్బులుగా కనబడుతుంది. ఆకు అంచు రంపంలా ఉంటుంది, కొసన పొడుగాటి కంకి. ఏళ్ల తరబడి అదే దుబ్బు చిగురిస్తూ ఉంటుంది. నిజాంపట్నం వైపు పడవలో వెళితే ఒక సంగతి చూడొచ్చు. దబ్బ ఉన్న చోట ఏటి ఒడ్డు వాలుగా, వేళ్ల అల్లికతో నిలబడి ఉంటుంది. దబ్బ లేని చోట ఒడ్డు కత్తితో కోసినట్టు నిలువుగా, అడుగున తొలుచుకుపోయి, పెళ్లలు పెళ్లలుగా నీళ్లలో పడుతూ ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. దీనికి వీడియో అక్కర్లేదు.

సుందర్బన్స్‌లో శాస్త్రవేత్తలు ఈ దారిలో పని చేసి చూపించారు. కోతకు గురైన బురదలో నేరుగా మడ మొక్కలు నాటకుండా, ముందు అక్కడి ఉప్పు గడ్డి జాతులు నాటారు. గడ్డి ఒండ్రును పట్టి, ఉప్పు తగ్గించి, నేల కుదుటపడ్డాక మడ మొక్కలు పెట్టారు. వాళ్లు వాడిన వాటిలో మన దబ్బగడ్డి ఉంది, ధాని ఘాస్ అని వాళ్లు పిలిచే అడవి వరి ఉంది. ఈ అడవి వరి సంగతి రైతులకు బాగా నచ్చుతుంది. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లలో మునిగినా బతుకుతుంది, ఇదీ ఆకుల గుండానే ఉప్పును కక్కుతుంది. పైగా మనం తినే వరికి చుట్టం. చెన్నైలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఉప్పుకు తట్టుకునే వరి కోసం దీని జన్యువుల మీద పని చేశారు. అలాంటి ఆస్తి మన తీరాల్లో ఉండగా విత్తనం కోసం అట్లాంటిక్ వైపు చూడటం నాకు విడ్డూరంగా ఉంది.

దబ్బగడ్డి గురించి గొప్పలు చెప్పి అమ్ముకోవాలని నాకు లేదు, నేనిప్పుడు దాన్ని అమ్మడం కూడా లేదు. అది ఉప్పెనను ఆపదు. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10 వేల మందిని మింగిన ఉప్పెన లాంటిది వస్తే ఏ గడ్డీ ఏమీ చేయలేదు. చెరువు లోపలి వైపు కూడా అది వద్దు, పీతలకు, పాములకు దాపు అవుతుంది. ఉప్పు తగలని పై కాలువలకూ అది పనికిరాదు. ఏటి వైపు వాలులో, పోటు తాకే చోట, రోజువారీ కోతను తగ్గించడానికి పనికొస్తుంది. రైతుకు కావలసింది కూడా అదే.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయక తప్పదు. ఆ మధ్య ఒక డ్రెయిన్ పూడికతీతకు కాంట్రాక్టు తీసుకున్నాయన మా దగ్గరే తాళ్లు, పట్టాలు కొన్నాడు. మా మేనత్త ఊరు ఆ పక్కనే కాబట్టి పని నేనూ చూశాను. పొక్లెయిన్‌తో డ్రెయిన్ అడుగు తీయడం సరే, రెండు వైపులా గట్టు మీది గడ్డిని కూడా వేళ్లతో సహా గీకి పారేశారు. అలా అద్దంలా నున్నగా ఉంటేనే కొలతలకు, బిల్లుకు బాగుంటుందట. ఆఫీసులో అడిగితే "శుభ్రం చేయమని రాసి ఉందమ్మా, చేశారు" అన్నారు. మొదటి పెద్ద వానకే గట్టు చారలు చారలుగా కోసుకుపోయి, తీసిన మట్టి మళ్లీ డ్రెయిన్లోకే దిగింది. గండి పడితే నా కొట్టుకు లాభమే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో ఖాళీ సంచులకు వచ్చిన గిరాకీ మామూలుది కాదు. ఆ గిరాకీ నాకు అక్కర్లేదు. సంచుల కోసం వచ్చే రైతు ముఖం చూసి బేరం ఆడటం కష్టం.

చట్టం లేక కాదు. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ మడ అడవులతో పాటు ఉప్పు గడ్డి నేలల్ని, జీవం ఉన్న బురద మైదానాల్ని కూడా అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న తరగతిలో పెట్టింది. విదేశీ విత్తనం, మొక్క తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్ ఉండాలి, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. బొమ్మల పుస్తకం తెప్పించుకున్నట్టు కవర్లో గడ్డి గింజలు తెప్పించుకోవడం నేరం అవుతుందని ఆక్వా రైతులకు ఎవరైనా ఒక్కసారి చెప్పారా? మత్స్య శాఖ మీటింగుల్లో మేత గురించి, మందుల గురించి గంటలు గంటలు చెబుతారు. గట్టు మీద ఏం పెంచాలో ఒక్క ముక్క చెబితే బాగుండు.

కేంద్రం 2023లో మిష్టి పేరుతో మడ అడవుల పెంపకానికి పథకం పెట్టింది. కృష్ణా మడ అడవుల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి రప్పించి, చచ్చిన నేలలో మడను బతికించిన అనుభవం మన అటవీ శాఖకు ఉంది. ఆ నర్సరీల్లో మడ మొక్కల బుట్టల పక్కన దబ్బగడ్డి పిలకలు కూడా పెంచి, ఏటి పక్కన చెరువులున్న రైతులకు ఇవ్వొచ్చు. అడవిలో దుబ్బులు ఎవరికి వాళ్లు తవ్వుకుపోకుండా నర్సరీ నుంచి ఇవ్వడమే సరైన పద్ధతి. డ్రెయిన్ల శాఖ వాళ్లు పోటు తాకే భాగాల్లో అడుగు మాత్రమే తీయాలని, గట్టు వాలు మీది గడ్డి జోలికి పోకూడదని టెండరు కాగితంలో ఒక వాక్యం రాయిస్తే చాలు. దానికి కొత్తగా పైసా ఖర్చు లేదు.

పూడికతీత పనులు ఎండాకాలంలో కాలువలు కట్టేశాక మొదలవుతాయి. టెండర్లు అంతకు ముందే పిలుస్తారు. ఆ లోపు ఈ విషయం సంబంధిత అధికారుల కంట పడాలని మీ పత్రికకు రాస్తున్నాను. దబ్బ ఎక్కడ ఒత్తుగా ఉందో, ఏ గట్టు దానివల్ల నిలిచిందో చూపించడానికి మా రేపల్లె వైపు ఖాతాదారులు సిద్ధంగా ఉన్నారు. అధికారులు ఎవరైనా అడిగితే నా ఫోన్ నంబరు మీ ఆఫీసు నుంచి ఇవ్వండి. పేరు మాత్రం అచ్చు వేయొద్దు, ఆ కాంట్రాక్టరు ఇంకా మా దగ్గరే తాళ్లు కొంటున్నాడు.

ఇట్లు,
ఒక తాళ్ల కొట్టు యజమానురాలు,
పట్నం బజారు, గుంటూరు